డంగు సున్నం మరమ్మతు: కోర్టు గోడలకు భేష్, మిద్దెకు మాత్రం కాస్త కాపలా కాయాలి

గంజాం జిల్లాలోని ఒక పాత మున్సిఫ్ కోర్టుకు బరంపురం వైపు తాపీ మేస్త్రీల జట్టొకటి డంగు సున్నంతో (ఇసుక కలిపి గానుగలో ఆడిన సున్నం) చేసిన మరమ్మతు గురించి ఈ సమీక్ష. గోడల పనికి పూర్తి మార్కులు, మిద్దె పనికి సగం.

గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల కోర్టు కచేరీలు చాలావరకు ఒకే పోకడ. నడుమ ఎత్తయిన హాలు, చుట్టూ పెంకుల వరండా, వరండా కప్పుకు పైన హాలు గోడలో వెంటిలేటర్లు. వేడిగాలి పోయే దారి అదే, గోడలోని తేమ ఆరే దారి కూడా అదే. ఏసీ పెట్టినప్పుడు వాటిని ఇటుకలతో మూసేస్తున్నారు, ఆపైన గోడ చెమ్మగిల్లిందని వాపోతున్నారు. ఈ జట్టు ముందు ఆ ఇటుకలు తీసి, తర్వాతే గోడ ముట్టుకుంది. పని తెలిసినవాళ్లని అక్కడే తేలిపోయింది.

జిల్లా మున్సిఫు, సబ్ జడ్జి, జిల్లా జడ్జి అనే వరస 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం నుంచి వచ్చింది. గంజాం కొండ ప్రాంతాన్ని అప్పటికే, 1839 చట్టంతోనే, మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరు చేతికిచ్చారు. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒడిశాలో కలిసింది, కాగితాలు మాత్రం గదుల్లోనే ఉండిపోయాయి. ఈ వైపు రికార్డు గదుల్లో ఇప్పటికీ తెలుగు దస్తావేజుల కట్టలు కనిపిస్తాయి. అందుకే ఒక హెచ్చరిక: సున్నం పని అంటే వారాల తరబడి తడి. కట్టలు వేరే గదికి చేర్చకుండా రికార్డు గదిలో తాపీ పెట్టనివ్వకండి.

గోడల జబ్బు చాలావరకు తుపాన్ల తర్వాత చేసిన వైద్యమే. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ పోయాక ఎక్కడ పెచ్చు ఊడితే అక్కడ సిమెంటు పూశారు. పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టి. నేలలోంచి పైకెక్కిన ఉప్పునీరు సిమెంటు వెనక ఇరుక్కుని అక్కడే గడ్డకడుతుంది, ఇటుక పిండైపోతుంది. జట్టు సిమెంటును ఉలితో తీసింది, బ్రేకరు మిషను వాడలేదు. తెల్లగా పేరుకున్న ఉప్పును పొడి బ్రష్షుతోనే దులిపింది. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. దర్జులు, అంటే ఇటుకల మధ్య సందులు, అంగుళం లోతున గీకి, నింపి, అప్పుడు పూత.

పాళ్లు: కనీసం మూడు వారాలు నీళ్లలో మాగిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు. నేలనుంచి మీటరు ఎత్తుదాకా ఇసుక రెండు పాళ్లకు తగ్గించి, ఒక పాలు సుర్కీ, అంటే ఇటుక పొడి. చెమ్మలో కూడా గట్టిపడేది సుర్కీ వల్లే. గానుగలో ఆడాక తాపీ మీద తీసుకుని తిరగేస్తే జారి పడకూడదు. మొదటి పూత 12 మిల్లీమీటర్లు, రెండోది 8, పైన పలచగా గుల్ల సున్నం నునుపు. పూతకూ పూతకూ వారం పైనే ఆగారు, తడి గోనెలు కట్టారు. ఒకేసారి మందంగా కొడితే సాలెగూడులా నెర్రెలు వస్తాయి. గట్టిపడిందో లేదో చూడాలంటే చిన్న పెచ్చు విరిచి ఫినాఫ్తలీన్ చుక్క వేయండి. గులాబీ రంగు తిరిగితే సున్నం ఇంకా గాలి పీల్చుకోవాలి.

మిద్దె దగ్గర తొందరపడ్డారు. మద్రాసు మిద్దెకు వాసాల మీద ఆరంగుళాల పొడవు, అంగుళం మందం ఉన్న ఇటుకలను ఏటవాలుగా నిలువంచున పేరుస్తారు. దానిపై ఇటుక జల్లి, సున్నం కలిపి మూడు నాలుగు అంగుళాలు పోస్తారు. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చిలకరిస్తూ కొయ్య చెక్కలతో కొట్టాలి. చెక్క గుర్తు పడకుండా ఎగిరి వచ్చేదాకా, రోజుల తరబడి. ఈ జట్టు రెండు రోజులకే చెక్కలు పక్కన పెట్టి పైపూత వేసింది. పిట్టగోడ మూల దగ్గర నీళ్లగా కలిపిన సిమెంటు పోశారు, నెర్రె మొదలయిందీ అక్కడే. వాసాల కొనలు గోడలో దూరే చోటు తెరిచి చూడనే లేదు. పుచ్చేది ముందు ఆ కొనే. సన్న ఉలి పొడిస్తే సులువుగా దిగితే ఆ వాసం మార్చాల్సిందే, పైన ఎంత సున్నం పోసినా లాభం లేదు.

వరండా పెంకుల పని మామూలే, వంక పెట్టనక్కర్లేదు.

ఖర్చు సిమెంటు పని కంటే బాగా ఎక్కువ, ఎక్కువంతా కూలికే. అక్టోబరు తుపాన్లు దాటాక కార్తీకంలో మొదలుపెడితే ఎండలు ముదరకముందే ముగుస్తుంది. ఒప్పందంలో సున్నం గుంటలో వేసిన తేదీ, సిమెంటు వాడకూడదన్న షరతు, మిద్దె ఎన్ని రోజులు కొట్టాలన్నది రాయించుకోండి. గోడల డబ్బు పూత ఆరగానే ఇచ్చేయొచ్చు. మిద్దె వాటా మాత్రం జూన్ వానలు రెండు మూడు పడి, కింద మరక రాలేదని చూసుకున్నాకే.