స్క్రైబా, కంప్యూటరా: చూపు లేని విద్యార్థికి పరీక్ష హాల్లో ఏది మేలు?

డిగ్రీ రెండో ఏడాది చరిత్ర పరీక్ష. నేను చెబుతుంటే పక్కన ఇంటర్ చదివే అమ్మాయి స్క్రైబ్‌గా, అంటే నా బదులు రాసే మనిషిగా, రాస్తోంది. "రామానుజాచార్యులు విశిష్టాద్వైతాన్ని" అనేసరికి పెన్ను ఆగింది. "ఏ శ అక్కా?" అంది. మొదటిది శ, రెండోది ష, దాని కింద ట ఒత్తు, పక్కన దీర్ఘం, తర్వాత ద కింద వ ఒత్తు. పదో తరగతి దాకా నాకు కొంచెం చూపుండేది కాబట్టి అక్షరాల ఆకారం గుర్తుంది. అంతా విడమరిచి చెప్పాను. ఈలోగా వాక్యంలో తర్వాత చెప్పాలనుకున్నది కాస్తా మర్చిపోయాను.

పీజీలో కంప్యూటర్ మీద రాశాను. డిగ్రీలో చేరే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఏది మంచిదని అడుగుతుంటారు. రెండు రకాలుగానూ రాసినదాన్ని కాబట్టి నాకు తోచింది చెబుతున్నాను.

హక్కు సంగతి ముందు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో అదనపు సమయం, స్క్రైబ్ సదుపాయం పేరుపెట్టి రాసి ఉన్నాయి. రాత పరీక్షలకు కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్ళు స్క్రైబ్ తీసుకోకపోయినా ఆ గంట ఇవ్వవచ్చని అందులోనే ఉంది. కంప్యూటర్ అడిగితే టైమ్ పోతుందేమోనని కొందరు భయపడతారు, ఆ టెన్షన్ అక్కర్లేదు. 40 శాతం లేదు కాబట్టి స్క్రైబ్ ఇవ్వం అనడం కూడా కుదరదు. చెయ్యి బిగుసుకుపోయే రైటర్స్ క్రాంప్ ఉన్న సివిల్స్ అభ్యర్థి వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే తేల్చింది. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి మీ యూనివర్సిటీ తాజా సర్క్యులర్ ఒకసారి చదివించుకోండి.

ఇక స్క్రైబ్. దీనికి ముందుగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు, కరెంటు పోయినా పరీక్ష ఆగదు. లెక్కలు, స్టాటిస్టిక్స్, బొమ్మలు గీయాల్సిన పేపర్లకు ఇప్పటికీ నా ఓటు స్క్రైబ్‌కే. భిన్నాలు, వర్గమూలాలు మామూలు కీబోర్డు మీద కొట్టడం పెద్ద తలనొప్పి.

చిక్కల్లా మనిషిని వెతకడంలో ఉంది. ఆ 2018 మార్గదర్శకాల్లో సొంత స్క్రైబ్ చదువు మనకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని ఉండేది. డిగ్రీ వాళ్ళం ఇంటర్ పిల్లల్ని పట్టుకోవాల్సి వచ్చేది. మార్చిలో పరీక్ష పడితే వాళ్ళ పబ్లిక్ పరీక్షలు వాళ్ళవి. వస్తానన్న అబ్బాయి ముందు రోజు రాత్రి ఫోన్ ఆపేస్తే ఆ రాత్రి పుస్తకం ముట్టుకోబుద్ధి కాదు. పరీక్ష పెట్టేవాళ్ళే మనిషిని ఇస్తే రెండు రోజుల ముందు మాట్లాడి చూసుకునే వీలుండాలి. కాగితం మీద ఉన్న మాట ఇది. నాకు ఒక సెంటర్లో ఇచ్చిన అమ్మాయి పుట్టి బుద్ధెరిగాక ఇంగ్లిష్ మీడియమే, తెలుగు పేపరు చదవడానికే తడబడింది. ఆ పిల్లది తప్పు కాదు పాపం. కానీ మార్కులు పోయింది నాకు.

కంప్యూటర్‌లో నాకు నచ్చింది ఒక్కటే, అదే చాలా పెద్దది: రాసిన వాక్యం మళ్ళీ వినొచ్చు. పై బాణం నొక్కితే ముందు లైను, ఇంకోసారి నొక్కితే దాని ముందు లైను. బాగోలేకపోతే చెరిపేసి మళ్ళీ రాస్తాను. అదే స్క్రైబ్‌ని "ఇంకోసారి చదువమ్మా" అని మూడోసారి అడగడానికి మొహమాటం. నేను పెట్టుకున్నది ఎన్‌వీడీఏ, తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఉచితం. ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టాడు. తెలుగూ చదువుతుంది. గొంతు రోబోలా ఉంటుంది, మొదటి వారం చిరాకేస్తుంది, తర్వాత చెవికి అలవాటైపోతుంది. టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు (మామూలు కీబోర్డు మీదే తెలుగు అక్షరాల అమరిక) నేర్చుకోండి: క కొట్టి, పొల్లు కొట్టి, మళ్ళీ క కొడితే "క్క". శ ఒక చోట, ష ఇంకో చోట, ఇక ఎవరినీ అడగక్కర్లేదు. చేతికి రావడానికి నాకు మూడు నెలలు పట్టింది.

దీని కష్టాలు వేరు. ప్రశ్నపత్రం సాఫ్ట్ కాపీ ఇస్తామని ఒకసారి పెన్‌డ్రైవ్ ఇచ్చారు. తెరిస్తే అను ఫాంట్లలో కొట్టిన ఫైలు. కళ్ళున్నవాళ్ళకు తెలుగే, కానీ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల కోడ్) కాదు కాబట్టి ఎన్‌వీడీఏ దాన్ని మంత్రాలు చదివినట్టు చదివింది. చివరికి ఇన్విజిలేటర్ గారు ప్రశ్నలు చదివి వినిపించారు, జవాబులు నేను కొట్టుకున్నాను. ఆ తర్వాత ప్రతిసారీ కంప్యూటర్‌తో పాటు రీడర్ కూడా కావాలని రాసి ఇచ్చాను. స్క్రైబ్‌లాగే రీడర్ కూడా ఆ మార్గదర్శకాల్లో ఉన్న సదుపాయమే. చదవడం మాత్రమే కాబట్టి మనిషి దొరకడం కూడా తేలిక. నా లెక్కలో తెలుగు, చరిత్ర, రాజనీతి లాంటి పేజీల కొద్దీ రాసే పేపర్లకు ఈ కంప్యూటర్, రీడర్ జోడీయే అన్నిటికన్నా మేలు. హాలు కంప్యూటర్‌ని ముందు రోజే చూసుకోనివ్వాలి, అడగండి. తెలుగు కీబోర్డు ఉందా, ఇయర్‌ఫోన్ పనిచేస్తోందా, కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు ఆగుతుంది, ఈ మూడూ చాలు.

కొంచెం చూపున్నవాళ్ళకు పెద్ద అక్షరాల పేపరు, అదనపు గంట సరిపోవచ్చు. కళ్ళు లాగుతున్నా మొండికేసి సొంత చేత్తోనే రాస్తామనేవాళ్ళను చూశాను. రెండో గంటకల్లా తలనొప్పి మొదలవుతుంది, ఆలోచించుకోండి.

మొదటి సెమిస్టర్‌కే కంప్యూటర్ మీదికి దూకవద్దు. ఆ సెమిస్టర్ స్క్రైబ్‌తో గట్టెక్కించి, ఇంటర్నల్స్ టైప్ చేసి చూడండి. గంటలో రెండు పేజీలు తడుముకోకుండా వస్తుంటే అప్పుడు మారండి.

ఏది కావాలన్నా దరఖాస్తు పరీక్ష ఫీజు కట్టేటప్పుడే ఇవ్వాలి. హాల్ టికెట్ వచ్చాక వెళ్తే "ఇప్పుడేం చేయలేం అమ్మా" అంటారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ గానీ యూడీఐడీ కార్డు గానీ జిరాక్స్ జతచేసి రెండు కాపీలు తీసుకెళ్ళండి, రెండో దాని మీద ఇన్‌వార్డ్ స్టాంపు వేయించుకోండి. మూడో సెమిస్టర్‌లో నా కాగితమే అందలేదన్నారు. స్టాంపు చూపించాక పది నిమిషాల్లో బీరువాలోంచి బయటికొచ్చింది.