విజయనగరంలో పెంపుడు కప్పకు మేత: ముందు వర్మీ షెడ్డు, తర్వాత కొరియర్ డబ్బా

గుండ్రని ఒళ్లు, పెద్ద నోరు ఉండే ప్యాక్‌మ్యాన్ కప్ప గానీ చెట్టుకప్ప గానీ పెంచేవారికి విజయనగరం, శ్రీకాకుళం వైపు బతికున్న మేత మూడు దారుల్లో అందుతుంది. వర్మీ కంపోస్టు షెడ్ల వానపాములు, బయటి ఊళ్ల నుంచి కొరియర్‌లో వచ్చే కీచురాళ్లు, ఆక్వేరియం సామాన్ల షాపుల మీల్‌వార్మ్స్ (ఒక రకం పెంకు పురుగు లార్వాలు). నేల మీద మాటువేసి తినే ప్యాక్‌మ్యాన్‌కు వానపామును మించినది లేదు. చెట్టుకప్ప చూపు పాకే, గెంతే పురుగు మీదే ఉంటుంది కాబట్టి దానికి కీచురాయి తప్పదు.

వానపాముకు గట్టి పెంకు ఉండదు, కాల్షియం కూడా కీచురాయిలో కన్నా మెరుగు. కానీ షెడ్డు మనిషి చేతికందినవి తీసి పొట్లం కడితే వద్దనండి. కంపోస్టుకు ఎక్కువగా వాడే ఐసీనియా ఫెటిడా ఎర్రగా, పసుపు చారలతో ఉంటుంది. పట్టుకోగానే ఘాటు వాసనతో పసుపు ద్రవం వదులుతుంది, కప్ప నోట పట్టి ఉమ్మేస్తుంది. మేత ముట్టడం లేదని కంగారుపడే ముందు వేసిన వానపాము ఏదో చూడాలి. ఊదా ఛాయ గోధుమ రంగులో, పొడవుగా, లావుగా ఉండే యూడ్రిలస్ యూజీనియేను ఏరించుకోవాలి. వానపాములను పెంచిన పేడ సంగతీ అడగాలి. ఐవర్‌మెక్టిన్ లాంటి నట్టల మందు వేసిన పశువు పేడలో ఆ మందు కొన్నాళ్లు దిగుతూనే ఉంటుంది. తెచ్చినవాటిని 2 రోజులు తడి కొబ్బరి పొట్టులో ఉంచి, క్లోరిన్ లేని నీటితో కడిగి, పొడవైతే ముక్క చేసి మొద్దు మొనల పట్టకారుతో అందించాలి.

కొరియర్ కీచురాళ్లలో పెద్దవి చూడముచ్చటగా ఉంటాయి గానీ కొనకూడదు. వాటి ఆయుష్షే 8 నుంచి 10 వారాలు. రెక్కలొచ్చినవి ఇల్లు చేరేసరికి చివరి రోజుల్లో ఉంటాయి. సగం పెరిగినవి అడగండి. కప్ప రెండు కళ్ల మధ్య దూరం కన్నా పురుగు పొడవు మించకూడదు. డబ్బా తెరవగానే అమోనియా ఘాటు కొడితే, అట్టలు చెమ్మగిల్లి ఉంటే గాలి ఆడక కుళ్లిన సరుకు. చచ్చినవి వెంటనే ఏరేసి, మిగిలినవాటిని పొడి గుడ్ల అట్టల మీదకు మార్చాలి. నీళ్ల గిన్నె పెడితే మునిగి చస్తాయి, క్యారెట్ ముక్క చాలు. రోహిణి కార్తె ఎండల్లో ఆర్డర్ పెట్టకపోవడమే మంచిది.

కప్పకు వేసే ముందు 24 నుంచి 48 గంటలు కీచురాళ్లను మేపాలి. మన చోడి (రాగి) పిండి ఇక్కడ బాగా పనికొస్తుంది, 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం. మునగాకు కలిపితే ఇంకా మంచిది. ఒట్టి తవుడులో భాస్వరం ఎక్కువ, అది కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. అయినా మేపు ఒక్కటే సరిపోదు. సంచిలో చిటికెడు కాల్షియం కార్బొనేట్, విటమిన్ డి3 పొడి వేసి పురుగులను కుదిపి, వెంటనే వేయాలి. ఆలస్యమైతే అవి ఒళ్లు శుభ్రం చేసుకుని పొడి దులిపేస్తాయి. కాల్షియం కొరతతో కప్ప దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకర పోతాయి. కాల్షియమే కదా అని తాంబూలం సున్నం వాడకండి. అది చర్మాన్ని, నోటిని కాలుస్తుంది. విటమిన్ ఎ కొరత వస్తే నాలుక పురుగుకు అంటుకోదు, కాబట్టి రెటినాల్ (నేరుగా పనికొచ్చే విటమిన్ ఎ) ఉన్న మల్టీవిటమిన్ పొడి రెండు వారాలకోసారి వేయాలి.

మీల్‌వార్మ్స్ ఫ్రిజ్‌లో వారాల తరబడి నిలవ ఉంటాయి, అదొక్కటే సుఖం. పెంకు గట్టి, కొవ్వు ఎక్కువ. పొర విడిచి తెల్లగా ఉన్నవాటినే, అప్పుడప్పుడు వేయొచ్చు.

వరి చేలల్లో, జీడితోటల్లో పట్టిన మిడతలు మాత్రం వద్దు, మందు కొట్టి ఉంటారు. మిణుగురులు విషం. ఎదిగిన ప్యాక్‌మ్యాన్‌కు 5 నుంచి 7 రోజులకోసారి మేత చాలు, పిల్లకు రోజు విడిచి రోజు. తినకుండా మిగిలిన కీచురాళ్లను రాత్రికి తీసేయాలి, ఆకలేస్తే అవే కప్ప చర్మాన్ని కొరుకుతాయి.