క్యాన్సర్ తర్వాత ‘దాంపత్య ప్యాకేజీ’ అమ్మే ఆ క్లినిక్ జోలికి పోకండి

బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ళకి, ముఖ్యంగా భార్యకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన మగవాళ్ళకి ఈ పోస్టు. పేరు రాయను, రాస్తే లాయర్ నోటీసు పంపుతారట, అదీ వాళ్ళే చెప్పారు. మారతహళ్లి వైపు ఉండేవాళ్ళకి పేరుతో పనిలేదు, ఫోన్ తెరిస్తే చాలు "సర్జరీ తర్వాత కూడా మీ దాంపత్యం కొత్తగా" అని వాళ్ళ యాడే తెలుగులో వస్తుంది, వెనకాల మల్లెపూలతో సహా.

మా ఆవిడకి ఒక పక్క తీసేశారు, కీమో, రేడియేషన్ అయ్యాయి, ఇప్పుడు రోజూ లెట్రోజోల్ మాత్ర. మనిషి బాగానే ఉంది, ఎటొచ్చీ మా ఇద్దరి మధ్యే బాగాలేదు. నేను ఏసీ పడట్లేదని చెప్పి హాల్లో పడుకుంటున్నాను. ఆ కుట్ల దగ్గర చెయ్యి తగిలితే నొప్పి పెడుతుందేమోనని భయం, దగ్గరికెళ్తే ఈ పరిస్థితిలో కూడా ఇదేనా ఈయన ధ్యాస అనుకుంటుందేమోనని ఇంకో భయం. ఇవన్నీ ఎవరితో చెప్పుకుంటాం, బావమరిదితోనా?

అక్కడ కౌన్సెలర్ అట, నన్నొక్కణ్ణే కూర్చోబెట్టి తలుపేసి "ఏదైనా చెప్పండి, ఈ గది దాటదు" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను కరిగిపోయి, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుని, బయటికొచ్చి 42 వేలు కట్టాను. శభాష్ నేను. ఆవిడకి క్యాప్సూళ్ళు, నాకు లేహ్యం. ఆయుర్వేద మందైనా సరే డబ్బా మీద లైసెన్స్ నంబరు, ఏమేం కలిపారో ఉండాలి కదా, వీళ్ళ డబ్బా మీద తామరపువ్వు బొమ్మ తప్ప ఏమీ లేదు. మా ఆవిడది హార్మోన్ పాజిటివ్ రకం, అంటే ఈస్ట్రోజన్ లాంటి ఆడ హార్మోన్లతో పెరిగే క్యాన్సర్, ఒంట్లో ఆ ఈస్ట్రోజన్ తగ్గించడానికే ఆ మాత్ర ఇస్తున్నారు, మరి ఇందులో ఏముందండీ అని అడిగితే "హెర్బల్ సార్" అన్నారు. ఉమ్మెత్తకాయ కూడా హెర్బలే. వాడనివ్వలేదు, డబ్బు వాపసు ఇమ్మన్నాను.

అడిగింది నేనైతే ఫోన్ మా ఆవిడకి చేశారు! పేషెంట్ నంబరు కావాలని ఫారంలో ముందే రాయించుకున్నారు కదా. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, చేతులు ఖాళీ లేక స్పీకర్‌లో పెట్టింది. ఆ పిల్ల కాగితం చూసి చదివినట్టు చెప్పుకుపోతోంది: "మేడమ్, సార్ మా దగ్గర ఓపెన్‌గా మాట్లాడారు. మీ బాడీ చూడాలంటే సార్‌కి భయమేస్తోందట. ఇలాంటి టైంలో కోర్సు ఆపేస్తే మగవాళ్ళు పక్కచూపులు చూసే ఛాన్స్ ఉంటుంది మేడమ్. రెండో కోర్సు మీద ఇరవై పర్సెంట్ తగ్గిస్తాం."

నేను ఆ గదిలో చెప్పింది ఏంటి, వీళ్ళు ఆవిడకి చేరవేసింది ఏంటి! ఆవిడకి నొప్పి పెడుతుందని నేను భయపడితే, ఆవిణ్ణి చూస్తేనే భయమని చెప్పి, దాని మీద డిస్కౌంట్ కూడా పెట్టారు. మా ఆవిడ మధ్యలో కట్ చేయలేదు, మొత్తం విని "సరేనమ్మా" అని పెట్టేసింది. తల ఎత్తకుండానే "అయితే ఏసీ కాదన్నమాట" అంది. నాకు నోట మాట రాలేదు. కీమోలో జుట్టు ఊడినప్పుడు కూడా ఆవిడ మొహం అలా చూడలేదు.

మేనేజర్‌ని పట్టుకుని కడిగేశాను. "అంత ఆవేశం మంచిది కాదు సార్, బీపీ పెరిగితే ఆ విషయంలో ఇంకా కష్టం" అన్నాడు, నవ్వుతూ. కన్సల్టేషన్ వాడుకున్నాం కాబట్టి రూపాయి కూడా వాపసు రాదట.

తర్వాత చెకప్‌లో మా ఆవిడే డాక్టరమ్మని సూటిగా అడిగేసింది, నేను గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. ఆ మాత్ర వల్ల లోపల పొడిబారి మంట, నొప్పి రావడం మామూలేనట, హార్మోన్ లేని మాయిశ్చరైజర్ క్రమం తప్పకుండా, కలిసినప్పుడు వాటర్ బేస్డ్ లూబ్రికెంట్ వాడమన్నారు. మెడికల్ షాపులో దొరికేవే. ఈస్ట్రోజన్ క్రీములు మాత్రం తనని అడగకుండా ముట్టుకోవద్దన్నారు. ఆపరేషన్‌లో నరాలు తెగుతాయి కాబట్టి అక్కడ తిమ్మిరిగా ఉండొచ్చు, గాయం మానాక చెయ్యి వేస్తే ఏమీ కాదు, ఎక్కడ ఎలా ఉందో ఆవిణ్ణే అడగండి అన్నారు. చంకలో లింఫ్ గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాచే అవకాశం ఉంది కాబట్టి దాని మీద బరువు వేయొద్దన్నారు. మామూలు చెకప్ ఫీజులోనే అయిపోయింది ఇదంతా.

అన్నట్టు, లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకి యాడ్ ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళుంటే బిల్లు, వాట్సాప్ మెసేజీలు, ఆ డబ్బాలు పారేయకండి. ఇంకా కట్టనివాళ్ళు ఫారంలో భార్య నంబరు మాత్రం రాయకండి.