బోర్డు మారింది, బాకీలు మిగిలాయి: బిగ్ బజార్ మూతపై ఒక రివ్యూ

ఏ సూపర్ మార్కెట్ రివ్యూ అయినా ధరలు, సరుకు, బిల్లింగ్ దగ్గర క్యూ, పార్కింగ్‌తో అయిపోతుంది. బిగ్ బజార్ గురించి అంతటితో ఆపితే సగమే చెప్పినట్టు. రెండు దశాబ్దాలు నడిచి 2022లో ఆగిపోయిన ఈ చైన్, పనిచేసినవాళ్లకూ సరుకు వేసినవాళ్లకూ ముందే డబ్బు కట్టినవాళ్లకూ లెక్క ఎలా తేల్చిందన్నది కూడా దుకాణం నాణ్యతలో భాగమే. వేరే చైన్‌లో పనిచేస్తున్నవారికి, రేపు ఇంకో షాపు తలుపు మూతపడితే ఏం చేయాలో తెలియాల్సినవారికి ఇది అక్కరకొస్తుంది.

ముందు మంచి చెప్పుకోవాలి. 2001లో కోల్‌కతా, హైదరాబాద్, బెంగళూరుల్లో కొద్ది రోజుల తేడాలో తెరిచారు. ఏసీ షాపంటే మనకు కాదులే అని బయటినుంచే చూసి వెళ్లిపోయే మధ్యతరగతిని లోపలికి రప్పించిన ఘనత దీనిదే. బియ్యం, పప్పులు విడిగా పోసి చేత్తో పట్టి చూసుకోనిచ్చారు. బుధవారం బజార్ పెట్టారు. 2006 నుంచి జనవరి 26 సేల్‌కు జనం తెల్లారకముందే గేటు దగ్గర నిలబడేవారు. పాత బట్టలు, పేపర్లు, సామాను తూకానికి తీసుకుని కూపన్లు ఇచ్చే ఎక్స్ఛేంజ్ మేళా కూడా బాగా నడిచింది, కూపన్ విలువకు కొన్ని రెట్లు కొంటేనే అది చెల్లుతుందన్న షరతు చిరాకు పెట్టినా. గోల్డెన్ హార్వెస్ట్ పప్పులు, టేస్టీ ట్రీట్ చిరుతిళ్లు, క్లీన్ మేట్ ఫినాయిల్ లాంటి సొంత బ్రాండ్లు ధరకు తగ్గ సరుకే. ధరల్లో, ఎంపికలో ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు.

ఇక మూసిన తీరు. నడిపించే ఫ్యూచర్ గ్రూప్ అప్పటికే అప్పుల్లో ఉంది. 2020 లాక్‌డౌన్ దాన్ని మంచాన పడేసింది. ఆ ఆగస్టు 29న రిటైల్, హోల్‌సేల్, గిడ్డంగుల వ్యాపారాన్ని రూ.24,713 కోట్లకు రిలయన్స్ రిటైల్‌కు అమ్ముతున్నట్టు ప్రకటించారు. 2019లో అదే గ్రూప్‌కు చెందిన ఫ్యూచర్ కూపన్స్‌లో పెట్టుబడి పెట్టిన అమెజాన్, ఒప్పందం ప్రకారం అలా అమ్మకూడదంటూ సింగపూర్ ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయటి మధ్యవర్తిత్వానికి) వెళ్లింది. అక్కణ్ణుంచి ఢిల్లీ హైకోర్టు, సుప్రీంకోర్టు. కేసులు నడుస్తుండగానే అద్దెలు పేరుకుపోయాయి. చాలాచోట్ల బిల్డింగ్ యజమానులు లీజును రిలయన్స్ సంస్థల పేరిట రాశారు, రిలయన్స్ అదే స్థలాన్ని ఫ్యూచర్‌కు సబ్‌లీజుకు, అంటే మళ్లీ అద్దెకు ఇచ్చింది. 2022 ఫిబ్రవరి చివర్లో ఆ సబ్‌లీజులు రద్దయి, షాపులు రిలయన్స్ చేతికి వెళ్లాయి. మార్చిలో బిగ్ బజార్‌ను నడిపే గ్రూప్ కంపెనీ ఫ్యూచర్ రిటైల్, సబ్‌లీజు రద్దయిన షాపులపై స్టాక్ ఎక్స్ఛేంజీకి చెప్పిన లెక్క: 342 పెద్ద షాపులు, 493 చిన్న షాపులు, మొత్తం 835. కంపెనీ రిటైల్ ఆదాయంలో 55 నుంచి 65 శాతం వీటినుంచే వచ్చేది. ఏప్రిల్‌లో బ్యాంకులు ఒప్పుకోకపోవడంతో అసలు అమ్మకం ఒప్పందమే రద్దయింది. జూలైలో కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ ముంబై బెంచ్ దివాలా ప్రక్రియకు ఆదేశించింది. 2024లో లిక్విడేషన్ ఆర్డర్, అంటే ఆస్తులమ్మి కంపెనీని మూసేయమన్న ఆదేశం వచ్చింది.

తేదీలకన్నా ముఖ్యం, ఏది ఎటు పోయిందన్నది. స్థలం, ర్యాకులు, రోజూ వచ్చే జనం కొత్త యజమాని వైపు వెళ్లాయి. చాలాచోట్ల అదే అంతస్తులో స్మార్ట్ బజార్ బోర్డు వెలిగింది. బాకీలు మాత్రం షాపుల్లేని పాత కంపెనీ నెత్తిన మిగిలాయి. కంపెనీనే కొన్నవాడు దాని అప్పులు, ఉద్యోగులు, సర్వీసు అన్నీ నెత్తికెత్తుకుంటాడు. లీజు మాత్రమే తీసుకున్నవాడికి ఆ బరువు ఉండదు. 2007లో హైదరాబాద్ త్రినేత్రను ఆదిత్య బిర్లా గ్రూప్ తీసుకున్నప్పుడు కొన్నది కంపెనీ వాటాలను. షాపులు తర్వాత మోర్ అయ్యాయి గానీ జీతం ఇచ్చే కంపెనీ మధ్యలో గల్లంతు కాలేదు. ఇంకో కొస 2009 నాటి సుభిక్ష: జీతాలు, అద్దెలు ఆగిపోయి 1,600 షాపులు ఉన్నపళంగా మూతపడ్డాయి. బిగ్ బజార్ ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. ఆ షాపుల సిబ్బందికి రిలయన్స్ ఉద్యోగాలు ఇవ్వజూపింది, అది మెచ్చుకోదగ్గ పని. నెల తిరిగేసరికి ఇంటద్దె కట్టాల్సిన క్యాషియర్‌కు అంతకన్నా కావలసిందేముంది?

అయితే కొత్త అపాయింట్‌మెంట్ లెటర్ చేతికిచ్చినప్పుడు సంతకానికి ముందు ఒక్క వాక్యం వెతకాలి: పాత సర్వీసు కలుస్తుందా, లేదా? అది లేకపోతే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. దాని ఖరీదు ఎంతో చూడండి. గ్రాట్యుటీ అంటే చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, ఆపై పూర్తయిన ఏళ్లతో గుణించాలి. బేసిక్ 13,000, సర్వీసు ఎనిమిదేళ్లు అనుకుంటే రోజుకు 500, ఏడాదికి 7,500, మొత్తం రూ.60,000. అదే మనిషి పాత కంపెనీలో నాలుగేళ్లే చేసి ఉంటే, కనీసం ఐదేళ్లు చేయాలన్న నియమం వల్ల అక్కడ ఏమీ రాదు, కొత్తచోట మళ్లీ ఐదేళ్లు ఆగాలి. పారిశ్రామిక వివాదాల చట్టం 25ఎఫ్‌ఎఫ్ సెక్షన్ ఉద్దేశం ఇలాంటి నష్టం రాకూడదనే: సంస్థ చేతులు మారితే సర్వీసు తెగకుండా, అవే షరతులతో కొనసాగించాలి, లేదంటే పరిహారం ఇవ్వాలి. లీజు మారడాన్ని సంస్థ చేతులు మారడంగా చూపించే బరువు మాత్రం ఉద్యోగి మీదే పడుతుంది. అందుకే ఇలాంటి కేసులో యూనియన్ లేకపోవడం పెద్ద లోటు.

పూర్తిగా మూసేస్తే వర్తించేది 25ఎఫ్‌ఎఫ్‌ఎఫ్. ఏడాది సర్వీసు దాటినవారికి నెల నోటీసు, ప్రతి పూర్తయిన ఏడాదికి 15 రోజుల సగటు వేతనం. యాభైమంది, అంతకు మించి ఉన్నచోట 60 రోజుల ముందు ప్రభుత్వానికి తెలపాలి. యాజమాన్యం చేతిలో లేని కారణంతో మూసేస్తే పరిహారం మూడు నెలల వేతనం దాటక్కర్లేదన్న వెసులుబాటు ఉంది, చాలా కంపెనీలు దాని వెనకే దాక్కోవాలని చూస్తాయి. చట్టం దానికీ అడ్డుకట్ట వేసింది: నష్టాలు వచ్చాయని, సరుకు పేరుకుపోయిందని, లీజు గడువు తీరిందని చెప్పినంత మాత్రాన అవి చేతిలో లేని కారణాలు కావు. ‘బిల్డింగ్ పోయింది, మేమేం చేస్తాం’ అనే హెచ్‌ఆర్ మాటకు జవాబు ఇక్కడే ఉంది.

ఇవి అప్పటి చట్టాలు. 2025 నవంబరు 21న కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఏడాదికి 15 రోజుల సూత్రం వాటిలోనూ ఉంది. రిట్రెంచ్‌మెంట్ (సిబ్బంది తగ్గింపు) కింద తీసేసిన కార్మికుడికి ఇంకో 15 రోజుల వేతనం రీస్కిల్లింగ్ ఫండ్ ద్వారా 45 రోజుల్లో ఖాతాలో పడాలి. ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలం) మీద తీసుకున్నవారికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది. రిటైల్‌లో ఈ రకం నియామకాలు ఎక్కువ కాబట్టి ఇది గట్టి మేలు.

కంపెనీ దివాలాకు వెళ్లాక హెచ్‌ఆర్‌కు మెయిళ్లు పెడుతూ కూర్చుంటే కాలం వృథా. దివాలా ప్రక్రియ మొదలైందని పత్రికల్లో ప్రకటన వస్తుంది, అందులో ఆ ప్రక్రియను నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ ఈమెయిల్, గడువు తేదీ ఉంటాయి. ఉద్యోగులు, కార్మికులు తమ బాకీని ఫారం డిలో క్లెయిమ్ చేయాలి. జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, జీతం ఆగిన నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ జతచేయాలి. కేసు లిక్విడేషన్‌కు మారితే మళ్లీ ప్రకటన, అప్పుడు ఫారం ఇ. ఒకసారి ఇచ్చాం కదా అని రెండోదాన్ని వదిలేయొద్దు. పంపకంలో కార్మికుల చివరి 24 నెలల బాకీ తాకట్టు ఉన్న (సెక్యూర్డ్) బ్యాంకులతో సమానంగా నిలుస్తుంది. కార్మికుల నిర్వచనంలోకి రాని ఉద్యోగులకు 12 నెలలే, అదీ ఒక మెట్టు కింద. కాబట్టి ‘టీమ్ లీడర్’ అన్న హోదా ఇక్కడ ఎదురు తిరగొచ్చు. పేరు ఏదైనా, చేసింది బిల్లింగూ ర్యాకులు సర్దడమే అయితే ఆ పని వివరాలనే క్లెయిమ్‌లో రాయాలి. పీఎఫ్, గ్రాట్యుటీ ఫండ్ సొమ్ము లిక్విడేషన్ ఆస్తుల్లో కలవదు, దాన్ని బ్యాంకులు ముట్టుకోలేవు. చిక్కల్లా కంపెనీ ఆ ఫండ్‌లో డబ్బు వేయనే లేకపోతే. పీఎఫ్ పాస్‌బుక్ నెలనెలా తెరిచి చూడమనేది అందుకే. జీతంలో కోత పడి పాస్‌బుక్‌లో జమ లేకపోతే, షాపు ఇంకా నడుస్తుండగానే పీఎఫ్ ఆఫీసుకు ఫిర్యాదు చేయాలి.

షాపు మూశాక పీఎఫ్‌లో అందరికీ తగిలే అడ్డంకి ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’. అది పడకపోతే డబ్బు కదలదు, వేసే క్లర్కు కూడా అప్పటికి ఇంటికి పోయి ఉంటాడు. చివరి జమ తర్వాత రెండు నెలలు దాటితే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో మనమే వేసుకోవచ్చు. కొత్త ఉద్యోగం దొరికితే డబ్బు తీయకుండా ట్రాన్స్‌ఫర్ చేయించుకోవడమే మేలు, పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. ఈఎస్‌ఐ కట్టినవారికి ఉద్యోగం పోతే, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అమల్లో ఉన్నంతకాలం దాని కింద సగటు ఆదాయంలో సగం చొప్పున 90 రోజుల వరకు వస్తుంది. చాలామంది దరఖాస్తే చేసుకోరు.

అందరికన్నా అన్యాయమైపోయేది షాపు రోల్స్‌లో లేనివాళ్లు. యూనిఫాం ఒకటే, అందుకని బయటికి తేడా కనిపించదు. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, ట్రాలీలు తోసేవారు ఏజెన్సీ మనుషులు. షాంపూ ర్యాక్ దగ్గర నిలబడి నమూనాలిచ్చే అమ్మాయి ఆ బ్రాండ్ ప్రమోటర్. కొత్త బోర్డు పెట్టేవారి ఆఫర్ లెటర్లు వీళ్లదాకా రావు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే షాపు కంపెనీయే ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం చెప్పింది. అది రాబట్టాలంటే ఫలానా షాపులో ఫలానా నెల పనిచేశామన్న రుజువు కావాలి. గేట్ పాస్, హాజరు పుస్తకం పేజీ ఫొటో తీసి దాచుకోవడం చిన్న పనే.

కొనేవారికి ముందుగా తెలిసే గుర్తు ర్యాక్ చివర ఉంటుంది. చైన్లు సరుకును అప్పు మీద తెస్తాయి. చెల్లింపులు జాప్యమైతే డిస్ట్రిబ్యూటర్ రొక్కం అడుగుతాడు, ఆపై లోడు ఆపేస్తాడు. రోజూ అమ్ముడయ్యే నూనె, సబ్బులు, బిస్కెట్లు ముందు ఖాళీ అవుతాయి. ఖాళీ కనబడకుండా ఉన్న ప్యాకెట్లన్నీ ర్యాక్ అంచుకు లాగి నిలబెడతారు. చెయ్యి లోపలికి పెడితే ఒక్క వరుస వెనక ఇనుప రేకే తగులుతుంది. మూడు ర్యాకుల పొడవునా ఒకే రకం సాస్ సీసాలు, సగం ఆపేసిన లైట్లు, ఖాళీ ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ కూడా అదే కథ చెబుతాయి. ఈ గుర్తులు కనిపించిన రోజునే గిఫ్ట్ కార్డు, పాయింట్లు ఖర్చు పెట్టేయాలి. బిగ్ బజార్‌లో రూ.10,000 ముందుగా కట్టి నెలకు వెయ్యి చొప్పున 12 నెలలు కొనుక్కునే ప్రాఫిట్ క్లబ్ ఉండేది. షాపు నడిచినన్నాళ్లూ చక్కటి బేరం. కానీ ముందే కట్టిన ఏ డబ్బయినా కంపెనీకి మనమిచ్చిన పూచీలేని అప్పు. దివాలా వస్తే బ్యాంకులు, కార్మికుల వెనక ఎక్కడో నిలబడతాం. చైన్ సొంత బ్రాండ్ మిక్సీ, టీవీలకూ ఇదే జాగ్రత్త, వారంటీ ఇచ్చినవాడే లేకపోతే కార్డు చిత్తుకాగితం.

ఇక చుట్టుపక్కల. పెద్ద షాపు ఉన్న కాంప్లెక్స్‌లో మిగతా చిన్న దుకాణాలు దానికొచ్చే జనం మీదే బతుకుతాయి: ప్యాంటు కుట్లు సరిచేసే టైలర్, మొబైల్ కవర్ల కౌంటర్, బయట మొక్కజొన్న కంకుల బండి, బరువు సంచులతో బయటికొచ్చేవారి కోసం ఆగే ఆటోలు. షట్టర్ దిగితే వాళ్ల రాబడి ఆ రోజే పడిపోతుంది, పరిహారం అడగడానికి వాళ్లకు ఏ ఫారమూ లేదు. ఇక్కడ కొత్త చైన్ త్వరగా దిగడం పేటకు మేలే చేసింది.

చిన్న షాపుల సంగతి వేరు. హెరిటేజ్ ఫుడ్స్ 2016లో తన 124 హెరిటేజ్ ఫ్రెష్ షాపులను ఫ్యూచర్ రిటైల్‌కు ఇచ్చేసి, బదులుగా ఆ కంపెనీలో 3.65 శాతం వాటా తీసుకుంది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై కాలనీల్లో నడిచి వెళ్లి ఆకుకూరలు, పెరుగు తెచ్చుకునే షాపులవి. బిగ్ బజార్ లాంటి హాలుకు కొత్త చైన్ వస్తుంది. రెండు వేల చదరపు అడుగుల షాపు ఖాళీ అయితే అక్కడ మళ్లీ కిరాణాయే రావాలని లేదు. కాలనీలో పెద్దవాళ్లకు నడక దూరంలో కూరగాయలు దొరకడం ఆగిపోతే, ఆన్‌లైన్ యాప్ చేతకానివారికి అది పెద్ద లోటే.

సరుకు వేసిన చిన్న తయారీదారుల్లో ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు 45 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ, చిన్న పరిశ్రమల బాకీలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో కేసు. పచ్చళ్లు, అప్పడాలు వేసే ఇంటి పరిశ్రమలు ఈ పని బాకీ మొదటిసారి 45 రోజులు దాటినప్పుడే చేయాలి. దివాలా ఆర్డర్ వచ్చాక మారటోరియం పడి (వసూలు కేసులు ఆగిపోయి), ఫారం బి నింపి వరుసలో నిలబడటమే మిగులుతుంది.

మార్కులు: కొనుగోలుకు ఐదుకు నాలుగు. సిబ్బందికి కొత్తచోట పని దొరకడానికి మూడు, అవి ఫ్యూచర్‌వి కావు, తర్వాత వచ్చినవారివి. పాత సర్వీసు, బాకీలు, ఏజెన్సీ మనుషుల విషయానికి ఒకటి. ఇప్పుడు ఏదైనా చైన్‌లో చేస్తున్నవారు ఈ రాత్రే యూఏఎన్ పాస్‌బుక్ తెరిచి, కిందటి మూడు నెలల జమ పడిందో లేదో చూసుకోండి.