ఐదేళ్లుగా మా తాబేలుకు కాల్షియం పొడి: నా అనుభవం

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో ఉన్నది సల్కాటా, అంటే ఆఫ్రికా మెట్ట తాబేలు. 2019లో తెచ్చినప్పుడు అరచేతిలో ఇమిడేది, ఇప్పుడు తొమ్మిది కిలోలు. ముందే ఒక మాట చెప్పాలి. మన నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం, దాని జోలికి వెళ్లకండి. సల్కాటా లాంటి విదేశీ జాతినైనా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మాది చేయించాం.

2020 వానాకాలంలో దాని డిప్ప అంచు నొక్కితే లోపలికి పోయింది. ఏడాది దాటిన పిల్లకు డిప్ప గట్టిపడాలి. నాకు ఆ రాత్రి నిద్ర లేదు. పక్కింటి రొయ్యల రైతు చూసి, "లూజ్ షెల్ వచ్చినట్టుందండీ, మినరల్ వెయ్యండి" అన్నారు. లూజ్ షెల్ అంటే రొయ్యల పెంకు మెత్తబడే జబ్బు. ఆయన ప్రేమతోనే చెప్పారు. కానీ రొయ్య నీళ్లలోంచి కూడా ఖనిజాలు పీల్చుకుంటుంది, తాబేలు తిని అరిగించుకోవాలి. పైగా చెరువుల మినరల్ మిక్స్చర్లలో ఫాస్ఫరస్ ఉంటుంది. అది ఎక్కువైతే కాల్షియం ఒంటబట్టదు. తిండిలో ఫాస్ఫరస్ కంటే కాల్షియం కనీసం రెట్టింపు ఉండాలి. తాంబూలం సున్నం కలపమన్నవాళ్లూ ఉన్నారు. అది నోరు, పేగులు కాల్చేస్తుంది, అస్సలు వద్దు.

పశువుల డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి రెండు తప్పులు పట్టుకున్నారు. అమ్మినతను చెప్పాడని కాల్షియం పెద్దగా లేని కీరా, టమాటాలతోనే పెంచాం. ఎండ తగులుతుందిలే అని కిటికీ దగ్గర గాజు తొట్టెలో పెట్టాం. ఒంట్లో విటమిన్ డి3 తయారు కావడానికి కావలసిన యూవీబీ, అంటే ఎండలోని ఒక రకం కిరణాలు, గాజులోంచి రావు. డి3 లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా పేగు దాటి ఒంట్లోకి సరిగా చేరదు.

అప్పటినుంచి ఫాస్ఫరస్ లేని, డి3 కలపని కాల్షియం కార్బొనేట్ పొడి వాడుతున్నాను. చిన్నప్పుడు రోజు విడిచి రోజు చిటికెడు, ఇప్పుడు వారానికి రెండుసార్లు అర చెంచా. తడి ఆకుల మీద పల్చగా చల్లాలి. మందంగా వేస్తే వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. రుచీ వాసనా లేదని డబ్బా మీద రాస్తారు గానీ, మా దానికి తెలిసిపోతుంది. డి3 కలిసిన డబ్బా వేరేగా ఉంచాను. ముసురు పట్టి వారం పది రోజులు ఎండ మొహం చూడనప్పుడు మాత్రమే, వారానికి ఒకసారి. డి3 ఎక్కువైతే ఒంట్లోనే పేరుకుపోతుంది కాబట్టి రోజూ వేయకూడదు.

మన గాలిలోని చెమ్మ వల్ల పొడి గడ్డకడుతుంది. పెద్ద డబ్బా కొని సగం పారేశాను. ఇప్పుడు చిన్నది కొని స్టీలు డబ్బాలో, బియ్యం మూట వేసి ఉంచుతున్నాను.

నాకు బాగా నచ్చింది మాత్రం సముద్రపు నురుగు, అంటే మూలికల కొట్టులో దొరికే కటిల్ చేప ఎముక. ఉప్పు పోయేలా రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, వెనకాల గట్టి పెంకు తీసేసి, ఆరబెట్టి తొట్టెలో పడేస్తాను. తనకు కావాలనిపించినప్పుడు కొరుక్కుంటుంది. ఒక్కో నెల ముట్టదు, ఒక్కో వారం సగం తినేస్తుంది. అది కొరికే చప్పుడు వింటే ప్రాణం కుదుటపడుతుంది. అలాగని దీన్నొక్కదాన్నే నమ్ముకుని పొడి మానేయకండి.

తిండి మార్చకపోతే ఇవేవీ పనిచేసేవి కావు. గరిక, పచ్చిగడ్డి, మందార ఆకులు, కొంచెం మునగాకు పెడుతున్నాం. పాలకూర, తోటకూర తగ్గించాం, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. అరటిపండు మా కోనసీమ బంధువులు గెలలకు గెలలు పంపినా దానికి పెట్టం. కొబ్బరిచెట్ల నీడ పడని చోట చిన్న దడి కట్టి, రోజూ పొద్దున ఎనిమిది నుంచి పది దాకా వదులుతున్నాం. దాహం వేస్తుందని పళ్లెంలో నీళ్లు, ఎండ ముదిరితే దూరడానికి మూలన తాటాకుల గుడిసె.

డిప్ప గట్టిపడటానికి దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. తర్వాత వచ్చిన వలయాలు నున్నగా, గట్టిగా ఉన్నాయి. అప్పుడు వంగిన కుడి అంచు మాత్రం అలాగే ఉండిపోయింది. రోజూ స్నానం చేయించేటప్పుడు మా అమ్మాయి చెయ్యి అక్కడే ఆగుతుంది.