నెల్లూరు జోడిపా, నల్ల దక్కనీయా? మొదటి మందకు ఏది మేలు

"గొర్రెలు పెడదామనుకుంటున్నా, ఏ జాతి మంచిదన్నా?" అని అడిగేవాళ్ళను నేను ముందు ఒక మాట అడుగుతాను: వాటి వెంట తిరిగేది ఎవరు? సగం మంది దగ్గర దీనికి జవాబు ఉండదు. షెడ్డు ప్లాను ఉంటుంది, లోను గురించి కనుక్కుని ఉంటారు, ఫోన్‌లో పది వీడియోలు సేవ్ చేసి ఉంటారు. పొద్దున తొమ్మిదింటికి మంద వెనక కర్ర పట్టుకుని నడిచే మనిషి మాత్రం ఎవరో తెలియదు. జాతి సంగతి తేలేది అక్కడే.

నాకు దేవరకొండ వైపు మూడెకరాల చెలక ఉంది, ఒక బోరు. ఐదేళ్ళుగా జోడిపివి, నల్ల దక్కనీవి రెండూ సాకుతున్నాను. మాంసం కోసమే, తూకానికి అమ్మడానికే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ నోట్లో ఎక్కువగా నాలుగు పేర్లు వినపడతాయి: నెల్లూరు జోడిపి, నెల్లూరు బ్రౌన్, దక్కనీ, నారీ సువర్ణ. వీటి పైన యూట్యూబ్ తెచ్చిపెట్టిన డార్పర్ ఒకటి.

జోడిపిని చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ, మూతి దగ్గర, కాళ్ళ మీద నల్ల మచ్చలు, వేలాడే పొడవు చెవులు. దేశంలోని గొర్రెల్లో ఎత్తు విషయంలో నెల్లూరు జాతిదే పైచేయి. ఉన్ని ఉండదు, మేకలాగా పొట్టి వెంట్రుకలే, కాబట్టి కత్తిరించే ఖర్చు లేదు. పిల్లలు ఏపుగా ఎదుగుతాయి. మా ఇంటి తూకంలో తొమ్మిది నెలల జోడిపి పొట్టేలు 29 కిలోలు వచ్చింది, దానితో పాటే పుట్టిన నల్లది 24 దగ్గర ఆగింది. రెండింటికీ ఒకే మేత, ఒకే దాణా. కోస్తే బతికున్న బరువులో సగానికి కొంచెం తక్కువే మాంసం పడుతుంది కాబట్టి ఈ ఐదు కిలోల తేడా కటికాయనకు వెంటనే కంటికి కనపడుతుంది, బేరంలోనూ తెలుస్తుంది.

కానీ ఆ పొడుగు కాళ్ళ గొర్రెకు కడుపు కూడా పెద్దదే. మేత ఉన్నన్నాళ్ళు రాణిలా ఉంటుంది. ఏప్రిల్‌లో బోరు సన్నబడి, బీడు ఎండిపోయాక ముందు ఎముకలు తేలేది దానికే. నడుము మీద చెయ్యి పెట్టి వెన్నుపూసలు ఒక్కొక్కటీ వేళ్ళకు గుచ్చుకుంటున్నాయంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. అలాంటి గొర్రె ఈనినా పాలు ఉండవు, పిల్ల నిలవదు.

బ్రౌన్ గురించి పెద్దగా చెప్పేది లేదు. ఇదీ నెల్లూరు జాతే, దొర అంటారు, ఎర్ర గొర్రె అని కూడా అంటారు. దాదాపు జోడిపి గుణాలే. మీ సంతలో ఏ రంగుకు గిరాకీ ఉందో దాన్ని బట్టి తీసుకోండి, అంతే.

దక్కనీ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దాన్ని చూడగానే తీసిపారేసేవాళ్ళే ఎక్కువ. నల్లగా, ముక్కు గుండ్రంగా వంగి, ఒంటి మీద ముతక ఉన్నితో, జోడిపి పక్కన నిలబెడితే పేద చుట్టంలా ఉంటుంది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ మెట్ట నేలల్లో ధన్‌గర్లు, కురుబలు, కురుమలు తరతరాలుగా పెంచిన గొర్రె ఇది. మన గొంగడి దీని ఉన్నితోనే నేస్తారు. దీని బలం కాళ్ళలో ఉంది. రాళ్ళ గుట్టల్లో రోజంతా నడిచి, జోడిపి వదిలేసిన ఎండు పరకలు, రాలిన తుమ్మ కాయలు ఏరుకుని తిని సాయంత్రానికి దొడ్డి చేరుతుంది. మొన్నటి వేసవిలో మా జోడిపి ఈతల్లో మూడు పిల్లలు పోయాయి. నల్లవాటిలో ఒక్కటీ పోలేదు. ఇలాంటి చిన్న మంద లెక్క పెద్ద లెక్కేమీ కాదు, ఒప్పుకుంటాను, కానీ మా ఊరి పెద్దలు చెప్పేదీ ఇదే.

తలనొప్పి ఉన్నితో వస్తుంది. ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. ఒకప్పుడు ఆ ఉన్ని డబ్బు తెచ్చేది, ఇప్పుడు కత్తిరించే కూలీ కూడా రావట్లేదు. బద్ధకించి వదిలేస్తే వానకు తడిసి బరువెక్కుతుంది, పల్లేరు కాయలు పట్టుకుని ముద్ద కడుతుంది, లోపల పేలు, పిడుదులు కాపురం పెడతాయి. మా దగ్గర కత్తెర పట్టే మనిషి ఒక్కడే మిగిలాడు, ఆయన వచ్చేదాకా ఎదురుచూడాలి. బరువు కోసం, ఈ ఉన్ని బాధ పడలేక చాలామంది నల్ల మందల మీదికి నెల్లూరు పొట్టేళ్ళను వదిలారు. అందుకే అచ్చమైన దక్కనీ కావాలంటే ఇప్పుడు వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇక గిరాకీ. మామూలు రోజుల్లో హైదరాబాద్ జియాగూడ మండీకి వెళ్ళినా, మన వారపు సంతకు తోలినా తూకందే రాజ్యం, అక్కడ జోడిపి గెలుస్తుంది. బక్రీదుకు కొమ్ములు తిరిగి, ఏ లోపమూ లేకుండా, చూపుకు నిండుగా ఉన్న పొట్టేలుకు తూకంతో పని లేని ధర పలుకుతుంది, అక్కడా ఎత్తున్నదే ముందు. కానీ బోనాలకు, ఊరి దేవతల మొక్కులకు నల్ల పొట్టేలే కావాలనేవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఇంటికే వచ్చి తీసుకుపోతారు, దళారి ఉండడు. నల్లదాని కూర రుచి వేరని మా వైపు గట్టిగా నమ్ముతారు. నేనూ నమ్ముతాను, తూకం వేసి నిరూపించలేను గానీ.

నారీ సువర్ణ సంగతి వేరు. మహారాష్ట్ర ఫల్టణ్‌లోని నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ దీన్ని తయారుచేసింది. బెంగాల్ సుందర్బన్స్ వైపు ఉండే గారోల్ అనే చిన్న గొర్రెలో కవలలు పుట్టించే జన్యువు ఉంది, దాన్ని దక్కనీలోకి తెచ్చారు. ఈతకు రెండు పిల్లలంటే కాగితం మీద లాభం రెట్టింపు. దొడ్లో మాత్రం రెండు సన్నటి పిల్లలు, ఒకే పొదుగు. తల్లికి సూడి చివరి నెలన్నర దాణా పెంచాలి, రెండో పిల్ల ముర్రుపాలు తాగిందో లేదో అర్ధరాత్రి లేచి చూడాలి, అవసరమైతే సీసా పట్టాలి. ఒక్క పిల్లనే నిలబెట్టుకోవడం రాని మొదటి ఏడాది దీని జోలికి పోకండి. రెండేళ్ళ తర్వాత చేయి తిరిగాక ఆలోచించవచ్చు. డార్పర్ దక్షిణాఫ్రికా జాతి, కండ బాగా పడుతుంది, మాట నిజమే. కానీ మన దగ్గర ఇప్పుడు నడుస్తున్నది మాంసం వ్యాపారం కాదు, పిల్లలను పెంపకందార్లే ఒకరికొకరు అమ్ముకునే వ్యాపారం. చివరికి కొన్నవాడి చేతిలో మిగిలేది మళ్ళీ కిలో లెక్కే. పైగా వానాకాలంలో చిన్న ఈగల వల్ల వచ్చే నీలినాలుక రోగం విదేశీ రక్తం ఉన్నవాటిని ఎక్కువ కుంగదీస్తుంది.

జాతి కంటే కొనే చోట ఎక్కువ దెబ్బతింటాం. నా మొదటి పదిహేను జోడిపి గొర్రెలను ఒక సంతలో కొన్నాను, దూరం జిల్లా నుంచి లారీలో వచ్చినవి. కడుపులు నిండుగా, ఒళ్ళు నిగనిగలాడుతూ ఉన్నాయి. ఇంటికి వచ్చిన రెండో రోజుకు కడుపులు జారిపోయాయి. సంతకు ముందు ఉప్పు తినిపించి నీళ్ళు పట్టించారని అప్పుడు తెలిసింది. వారానికి దగ్గు, ముక్కు చీమిడి, పారుడు మొదలై నాలుగు పోయాయి.

ఇప్పుడు కొనేముందు నోరు తెరిచి చూస్తాను. అన్నీ పాలపళ్ళే అయితే ఏడాది లోపు పిల్ల, రెండు పెద్ద పళ్ళు వస్తే ఏడాది, ఏడాదిన్నర, నాలుగైతే రెండేళ్ళ చిల్లర. ఎనిమిదీ వచ్చి అరిగాయంటే అవతలివాడు వదిలించుకుంటున్నాడని లెక్క. తర్వాత కింది కనురెప్ప తిప్పి చూస్తాను, లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే కడుపు నిండా నట్టలే, అంటే పురుగులే. తోక ఎత్తి చూడాలి, పెంట అంటుకుని ఉంటే బేరానికి దిగనక్కర్లేదు. అమ్మేవాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

మళ్ళీ మొదటి ప్రశ్నకే వస్తున్నాను. ఇరవై ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు అనుకుందాం. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీకి పెట్టుకున్న యూనిట్ కూడా ఇదే. షెడ్డులోనే కట్టి మేపాలంటే ఒక్కోదానికి రోజుకు నాలుగు కిలోల పచ్చిమేత, పిల్లలతో కలిపి దాదాపు క్వింటా. అర ఎకరం నేపియర్ గడ్డి, దాని పక్కన కొంచెం హెడ్జ్ లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత, వేసవిలో ఆగని బోరు, వాటితో పాటు ఎండు మేత, గుప్పెడు దాణా ఉంటే నడుస్తుంది. అలాంటప్పుడు తిన్నదాన్ని తొందరగా బరువుగా మార్చే జోడిపి మేలు. దక్కనీని షెడ్డులో కట్టేస్తే దాని కాళ్ళ బలం వృథా, ఉన్ని బాధ మాత్రం మిగులుతుంది. గుట్టలు, బీళ్ళు దగ్గర్లో ఉండి, వెంట తిరిగే కాపరి దొరికి, బోరు మీద నమ్మకం లేకపోతే నల్లదే మేలు. నేపియర్ లేదు, కాపరీ లేడు అంటే ఏ జాతీ వద్దు. నాలుగు నెలల మగపిల్లలను పది కొనండి, ఆరు నెలలు మేపి పండక్కి అమ్మండి. ఈనించే బాధ లేదు, ఒక సీజన్‌లో మీ చేతి సత్తా మీకే తెలుస్తుంది. జూన్ వానలకు ముందే చిటుకు రోగం టీకా మాత్రం మరవొద్దు. తొలకరి పచ్చగడ్డి కడుపారా తిని రాత్రికి రాత్రే పోయేది మందలో బాగా బలిసిన పిల్లే.

మూడో దారి కూడా ఒకటుంది. నా నల్ల గొర్రెల మీదికి పోయిన ఏడాది జోడిపి పొట్టేలును వదిలాను. పిల్లలు అటూ ఇటూ కాకుండా మచ్చలతో, పలచటి ఉన్నితో పుట్టాయి. బరువు నడిమధ్య వస్తోంది, ఎండకు తట్టుకుంటున్నాయి. నాకు సంతోషమే. మా ఊరి కురుమ పెద్దాయన మాత్రం వాటిని చూసి తల అడ్డంగా ఊపాడు. "పిల్లలను అమ్ముకో బిడ్డా, తల్లులను మాత్రం చెడగొట్టకు. నల్ల విత్తనం పోతే మళ్ళ యాడ తెస్తవ్?" అన్నాడు. ఈ దసరా దాటాక అచ్చమైన నల్ల పొట్టేలు ఒకటి చూసి పెడతానన్నాడు. ఎదురుచూస్తున్నాను.