మద్దిలపాలెంలో నాలుగు రోజుల సెల్ కల్చర్ శిక్షణ: ఒక అధ్యాపకుడి అభిప్రాయం

గత వేసవి సెలవుల్లో విశాఖపట్నం మద్దిలపాలెంలోని ఒక ప్రైవేటు ప్రయోగశాల నిర్వహించిన నాలుగు రోజుల సెల్ కల్చర్ (కణాలను శరీరం వెలుపల పెంచే పద్ధతి) శిక్షణకు మా కళాశాల జంతుశాస్త్ర విద్యార్థులు ఆరుగురిని వెంటబెట్టుకుని వెళ్లాను. మనిషికి 6,000 రూపాయల రుసుము తీసుకున్నారు. ఇలాంటి శిక్షణల్లో సాధారణంగా హేలా కణాలను (ఆగకుండా విభజన చెందుతూ పోయే క్యాన్సర్ కణాలను) చూపించి, వాటిని ఫ్లాస్కు నుంచి ఫ్లాస్కుకు మార్చడం నేర్పించి, ధ్రువపత్రం చేతిలో పెట్టి పంపిస్తారు. ఇక్కడ మాత్రం మామూలు మానవ కణం విభజనను ఎందుకు ఆపేస్తుంది, ఏ జన్యువులు పోతే ఆగకుండా సాగుతుంది అన్న ప్రశ్న చుట్టూనే పాఠమంతా అల్లారు.

రెండో రోజు సాయంత్రం మానవ చర్మం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టులను (చర్మపు లోపలి పొరలోని కణాలను) రెండు పళ్లాల్లో ఇచ్చారు. ఒకదానిలోవి తొలి పాసేజ్‌లవి, అంటే కొత్త పళ్లేనికి కొన్నిసార్లే మార్చినవి, రెండోదానిలోవి నెలల తరబడి పెంచగా పెంచగా విభజన మానేసినవి. విభజన మానేసిన కణాలకు నీలం పట్టే రంగు ద్రావణం పోసి, రాత్రంతా 37 డిగ్రీల వద్ద ఉంచి, మర్నాడు ఉదయం సూక్ష్మదర్శిని కింద చూస్తే, మొదటి పళ్లెంలో కదురు ఆకారపు కణాలు రంగు పట్టకుండా బారులు తీరి ఉన్నాయి. రెండో పళ్లెంలోవి పెనం మీద అట్టులా పల్చగా పరుచుకుని, నీలం రంగు తేలి, ఎంతో పెద్దవిగా కనిపించాయి. అవి బతికే ఉన్నాయి, విభజన మాత్రం మానేశాయి. మామూలు మానవ కణాలు సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ చూపిన సంగతిని ఇన్నేళ్లుగా తరగతిలో చెబుతూనే ఉన్నాను కానీ, ఆ ఆగిపోవడాన్ని కళ్లారా చూడడం నాకు అదే మొదటిసారి. ఆ ఒక్క ఉదయం కోసమైనా ఈ శిక్షణకు వెళ్లవచ్చు.

మూడో రోజు ఉపన్యాసం కూడా బాగుంది. విభజనకు కావలసిన జన్యువులను మేల్కొలిపే ఈ2ఎఫ్ అనే ప్రోటీన్‌ను ఆర్‌బి ప్రోటీన్ ఎలా పట్టి ఉంచుతుందో, ఆ పట్టు సడలించే కైనేజ్‌లనే ఎంజైములను పి16 ప్రోటీన్ ఎలా అడ్డుకుంటుందో, క్రోమోజోముల కొసలైన టెలోమియర్లు మరీ కురచైనప్పుడు కణం దాన్ని తెగిన డిఎన్‌ఏగా గుర్తించగా పి53 అనే ప్రోటీన్ పి21 అనే మరో ప్రోటీన్‌ను తయారు చేయించి కణ విభజన చక్రాన్ని ఎలా నిలిపివేస్తుందో నల్లబల్ల మీద గీసి చెప్పారు. హేలా ఫ్లాస్కును తెరిచే ముందు, 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే రోగి నుంచి ఆమె అనుమతి లేకుండానే ఈ కణాలను తీసుకున్నారని శిక్షకురాలు చెప్పడం నాకు ఎంతో నచ్చింది. ఆ కణాల్లో పాపిల్లోమా వైరస్ 18వ రకానికి చెందిన ఈ6 ప్రోటీన్ పి53ని నాశనం చేయిస్తుంది, ఈ7 ఆర్‌బిని పనిచేయనివ్వదు.

లోపం అచ్చు వేసి ఇచ్చిన నోట్సులో ఉంది. "పి53 పోతే కణం అమరమవుతుంది" అని అందులో రాశారు, అది పొరపాటు. పి53, ఆర్‌బి రెండూ పోయిన కణం మరికొన్ని విభజనలు సాగుతుంది, అంతే. టెలోమియర్లు అరుగుతూనే ఉంటాయి కనుక చివరికి క్రోమోజోముల కొసలు ఒకదానికొకటి అతుక్కుని, తెగి, దాదాపు అన్ని కణాలూ చనిపోతాయి. కోటికి ఒకటి చొప్పున ఏదో ఒక కణం టెలోమియర్లను పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైమును తిరిగి పనిచేయించుకుని బయటపడుతుంది, అమరత్వం దానిది. 1998లో మామూలు ఫైబ్రోబ్లాస్టులకు టెలోమరేజ్ జన్యువును అందించి ఆయువును ఎన్నో విభజనల మేర పొడిగించగలిగారు, కానీ చర్మపు పైపొర కణాల వంటి వాటికి అది చాలదని, పి16 అడ్డు కూడా తొలగాలని అదే ఏడాది తేలింది. పరీక్షల్లో తరచూ అడిగే ఈ భాగానికి నాలుగో రోజు అరగంటే కేటాయించారు. నేను పొరపాటు చూపగా శిక్షకురాలు వెంటనే ఒప్పుకుని నల్లబల్ల మీద సరిదిద్దారు, నోట్సు మాత్రం అలాగే ఉండిపోయింది.

పద్దెనిమిది మందికి ఒకే సూక్ష్మదర్శిని కావడంతో చాలాసేపు వరుసలో నిలబడవలసి వచ్చింది. భోజనం ఫర్వాలేదు.

ఎమ్మెస్సీ విద్యార్థులకు, నెట్ పరీక్షకు చదివేవారికి ఈ శిక్షణ ఉపయోగపడుతుంది, ఇంటర్ పిల్లలకు బరువవుతుంది. తరువాతి విడతకు వెళ్లేవారు రెండో రోజు సాయంత్రం బస్సు కోసం తొందరపడి వెళ్లిపోవద్దు, పళ్లాలకు రంగు వేసే పని ఐదు గంటల తరువాతే మొదలవుతుంది.